లాకు, లాక్, లాకప్పు: ఒక ఇంగ్లీషు మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదులుతారు. బళ్ళు తెరిచేదీ అప్పుడే. కోనసీమలో సాయంత్రం పూట ఇంగ్లీషు పాఠాలు చెప్పే నా దగ్గరికి కొత్త పిల్లలు చేరేదీ ఆ రోజుల్లోనే. లాక్ అంటే తాళం అని బోర్డు మీద రాయగానే వెనక వరుసలోంచి ఒకరు లేచి, "మరి మా ఊరి లాకులకు తాళం ఎక్కడుందండీ?" అని అడుగుతారు. ఏటా అదే ప్రశ్న. పిల్లలను తీసుకువెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి బ్యాంకు కాగితంలోని లాకిన్ గురించో, ఫోనులోని లాక్ గురించో అడుగుతారు. చెప్పిందే చెప్పి అలసిపోయి ఇవన్నీ ఒకచోట రాశాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఎక్కడ తెరిచి చదివినా ఇబ్బంది లేదు.

## మొదటి పరిచయంలో

లాక్ అంటే తాళమే కదా, ఇంకేం అర్థాలు ఉంటాయి?

తాళం అనేది ఒక అర్థం మాత్రమే. పాత ఇంగ్లీషులో ఈ మాటకు గడియ, అడ్డుకర్ర అనే అర్థాలతో పాటు చుట్టూ మూసిన చోటు అనే అర్థమూ ఉండేది. అంటే కదలకుండా పట్టి ఉంచేది ఏదైనా లాకే. తలుపును పట్టి ఉంచితే తాళం, నీటిని పట్టి ఉంచితే కాలువ లాకు, మనిషిని పట్టి ఉంచితే లాకప్పు, డబ్బును పట్టి ఉంచితే లాకిన్. కుస్తీలో ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టి కదలనివ్వకపోవడం కూడా లాకే. కొత్త వాక్యంలో ఈ మాట కనబడితే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ కదలకుండా ఆగింది ఏమిటి? సగం అర్థం అక్కడే తేలిపోతుంది.

మనం తాళం అంటే కప్పనూ అంటాం, చెవినీ అంటాం. ఇంగ్లీషులోనూ అలా అనవచ్చా?

అనకూడదు. "తాళాలు ఎక్కడ పెట్టావు?" అని మనం అడిగేది తాళంచెవుల గురించే. "తలుపుకు తాళం ఉంది" అంటే మాత్రం తాళంకప్ప. తెలుగులో సందర్భం చూసి ఎవరికి వారు సర్దుకుంటారు. ఇంగ్లీషులో లాక్ అంటే కప్ప మాత్రమే, చెవిని కీ అనాలి. తాళం పోయిందని చెప్పబోయి లాక్ పోయిందని రాస్తే, దొంగలు తలుపు పగలగొట్టారేమో అనుకుంటారు. ఇంకో తేడా కూడా ఉంది. గుమ్మానికి వేలాడే కప్పను ప్యాడ్‌లాక్ అంటారు. తలుపు చెక్కలోనే బిగించి ఉండేదాన్ని ఉత్త లాక్ అంటే చాలు.

లాక్, లక్, ల్యాక్, లేక్ అన్నీ ఒకేలా వినబడుతున్నాయి. తేడా ఎలా పట్టుకోవాలి?

తాళం లాక్‌లో అచ్చు పొట్టిది. బ్రిటిష్ వాళ్ళ నోట అది లాకూ లొకూ మధ్యలో పలుకుతుంది. పెదవులు కాస్త గుండ్రంగా చేసి చప్పున వదిలేయాలి. లక్ అంటే అదృష్టం. ల్యాక్ అంటే కొరత. లేక్ అంటే చెరువు. లక్షను ఇంగ్లీషులో రాసే మాట మన సంస్కృతం నుంచి వెళ్ళిందే, దానికీ తాళానికీ ఏ చుట్టరికమూ లేదు. వార్తల్లో రూపాయల ముందు వినబడితే అది లక్షే.

కథలో ఒక అమ్మాయి లాక్ కత్తిరించి దాచుకున్నారని ఉంది. తాళాన్ని కత్తిరించడం ఏమిటి?

అది వెంట్రుకల పాయ. రాతలో ఒకటే అయినా పాత ఇంగ్లీషులో ఇది వేరే మాట. కాలక్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చాయి. మనకు తాళం అంటే కప్పా, పాటకు వేసే తాళమూ రెండూ అయినట్టే. బహువచనంలో అయితే కురులు, ముంగురులు అనుకోండి. జడలు కట్టిన జుట్టును డ్రెడ్‌లాక్స్ అంటారు, అందులో ఉన్నదీ ఈ వెంట్రుకల లాకే.

## కాలువ గట్టు మీద

మా ఊరి లాకులకు తాళం లేదు. మరి ఆ పేరు ఎందుకు వచ్చింది?

తాళం ఉంది. నీరే ఆ తాళం.

కాలువ లాకు అంటే రెండు వైపులా గోడలు, రెండు చివరలా తలుపులు ఉన్న నీటి గది. పాతకాలపు లాకుల్లో ఒక్కో చివర రెండేసి రెక్కల తలుపు ఉంటుంది. రెండు రెక్కలూ మూసినప్పుడు సరళరేఖలా నిలబడవు. ఎగువకు మొన పెట్టి, రెండు అరచేతులు కొసలు ఆనించినట్టు కోణంగా కలుస్తాయి. ఎగువ నీరు నెట్టేకొద్దీ రెక్కలు ఒకదానికొకటి మరింత బిగుసుకుంటాయి. గదిలో నీరు, బయటి నీరు ఒకే మట్టానికి వచ్చేదాకా పదిమంది కలిసి లాగినా ఆ తలుపు రాదు. మట్టం సమానమైతే ఇద్దరు మనుషులు తీసేస్తారు. కప్పా చెవీ లేకుండా ఇంత గట్టిగా మూసుకునే తలుపు ఇంకొకటి నేను చూడలేదు. ఇంగ్లీషులో మొదట నదిలో నీటిని ఆపే అడ్డుకట్టనే లాక్ అనేవారు, తర్వాత ఈ గదికి ఆ పేరు స్థిరపడింది.

పడవ లాకులో ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది?

దిగువ నుంచి ఎగువకు వెళ్ళే పడవ అనుకుందాం. దిగువ తలుపులు తీసి పడవను గదిలోకి రానిస్తారు. వెనక తలుపులు మూస్తారు. ఎగువ వైపు చిన్న తూము తెరుస్తారు. గదిలోకి నీరు చేరుతుంది, దానితో పాటు పడవ పైకి లేస్తుంది. మట్టం ఎగువ కాలువతో సమానం కాగానే ముందు తలుపులు తీస్తారు, పడవ సాగిపోతుంది. దిగాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు. ఇంజను లేదు, పంపు లేదు. పల్లానికి పోయే నీటి స్వభావాన్నే వాడుకుని పడవను పైకి ఎత్తుతారు.

చిన్నప్పుడు ఒకసారి కొబ్బరికాయల పడవలో తాతగారితో లాకు దాటాను. గదిలోకి వెళ్ళగానే రెండు వైపులా నాచు పట్టిన గోడలు, పైన చారెడు ఆకాశం, నూతిలో కూర్చున్నట్టు ఉంది. తూములో నీరు హోరుమంది. పడవ కదిలిన జాడ లేదు, గోడ రాళ్ళే ఒక్కొక్క వరుసా కిందికి మునిగిపోతున్నాయి. కాసేపటికి గట్టు మీద నిలబడ్డ లస్కరు, అంటే లాకు తలుపులు తీసి మూసే మనిషి, పాదాలు నా కళ్ళకు ఎదురుగా వచ్చాయి, ఆ తర్వాత ఆయన ముఖం. ఆ రోజు నాకు అర్థమైనంత పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

లాకులు కాటన్ దొర కనిపెట్టాడా?

లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించింది ఆర్థర్ కాటన్. కాలువలు సాగుకే కాక రాకపోకలకూ పనికిరావాలని పట్టుబట్టిన మనిషి కాబట్టి, మట్టం మారే చోట్ల పడవల కోసం లాకులు వచ్చాయి. విద్య మాత్రం అంతకన్నా చాలా పాతది. చైనాలో మహాకాలువ మీద 984లో చియావో వేయువే అనే అధికారి రెండు తలుపుల లాకు కట్టించాడు. అంతకుముందు పడవలను ఏటవాలు కట్ట మీదుగా లాగేవారు. అలా లాగినప్పుడు పడవలు విరగడం, ఆ సందట్లో పన్ను ధాన్యం దొంగల పాలు కావడం ఆయనకు తలనొప్పి అయింది. కోణంగా కలిసే తలుపులు లియోనార్డో డావిన్చీ గీసిన బొమ్మల్లో ఉన్నాయి. 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడలను సుమారు 26 మీటర్లు ఎత్తి దించేదీ ఇదే పద్ధతి. మన లొల్ల లాకులను చూసినవాడికి పనామా కొత్తగా అనిపించదు, కొలత ఒక్కటే తేడా.

లాకు, తూము, రెగ్యులేటరు ఒకటేనా?

కావు. తూము నీటిని పంపుతుంది. రెగ్యులేటరు ఎంత నీరు పోవాలో తలుపులు ఎత్తి దించి నిర్ణయిస్తుంది. లాకు పడవను దాటిస్తుంది. మట్టం మారే చోట నీరు దూకడానికి ఒక దారి, పడవ దిగడానికి పక్కనే ఇంకో దారి, రెంటి మీదుగా ఒక వంతెన ఉండటం వల్ల జనం మొత్తాన్నీ కలిపి లాకులు అనేశారు. సరుకు పడవలు పోయినా పేరు పోలేదు. నేడు "లాకులు ఎత్తారు" అంటే చాలామంది ఉద్దేశం నీరు వదిలారని మాత్రమే. ఇంగ్లీషులో అలా రాయకండి. లాక్ ఎత్తారు అంటే వాళ్ళకు బోధపడదు, గేట్లు తెరిచారు అనాలి.

ఒక్కటే ఉన్నా లాకులు అని బహువచనం ఎందుకు?

తలుపులు జంటలుగా ఉంటాయి కాబట్టి. నీళ్ళు, పాలు, వడ్లు అన్నట్టే ఇదీ బహువచనంలో కుదురుకుంది. లొల్ల లాకులు, చొప్పెల్ల లాకులు, విజ్జేశ్వరం లాకులు అంటారే గాని ఏకవచనం చేర్చి ఎవరూ అనరు. బస్సు కండక్టరు "లాకులు, లాకులు" అని కేకవేస్తే దిగేవాళ్ళు సంచులు సర్దుకుంటారు. వ్యాకరణానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

లాకు అనాలా, లాక్ అనాలా?

కాలువది లాకు, ఫోనుది లాక్. ఇందులో ఒప్పూ తప్పూ లేదు, మాట మన దగ్గరికి రెండుసార్లు వచ్చింది, అంతే. మొదటిసారి రాళ్ళు మోసిన కూలీల నోట, పడవవాళ్ళ నోట పడింది. బస్సు, రైలు లాగే చివర ఉకారం చేర్చుకుని తెలుగు విభక్తులన్నీ పట్టింది: లాకుకు, లాకులో, లాకుల మీదుగా. రెండోసారి చదువుకున్నవాళ్ళ ద్వారా వచ్చింది, పొల్లుతోనే నిలిచింది. లాకప్పు, లాకరు, లాకెట్టు పాత బాణీలో ఉన్నాయి. లాక్‌డౌన్ కొత్త బాణీలో ఉంది. మాట ఎంత కాలం క్రితం వచ్చిందో దాని చివరి అక్షరం చూసి చాలాసార్లు ఊహించవచ్చు.

## వాక్యంలో వాడేటప్పుడు

లాక్ పక్కన ఇన్, అవుట్, అప్, డౌన్ చేరితే అర్థం అంతలా మారుతుందా?

మారుతుంది, కానీ దిక్కు చూస్తే తెలిసిపోతుంది. ఇన్ అంటే లోపల ఉంచి మూయడం. అవుట్ అంటే బయట ఉంచి మూయడం: చెవి లోపల మరిచి తలుపు లాగేసుకుని అరుగు మీద కూర్చున్నవాడి పరిస్థితి. అప్ అంటే అంతా మూసి భద్రం చేయడం, దుకాణం కట్టేసి వెళ్ళేటప్పుడు అనేది ఇదే. మనిషికి వాడితే జైల్లో పెట్టడం. డౌన్ అంటే ఎక్కడివాళ్ళను అక్కడ కట్టడి చేయడం. ఆన్ చేరితే గురి కుదరడం, క్షిపణికీ కెమెరాకూ వాడతారు. అవేవీ చేరని ఉత్త లాక్‌కు తాళం వేయడం, బిగుసుకోవడం అనే రెండు అర్థాలు చాలు.

లాక్‌డౌన్ కరోనాతో పుట్టిన మాటేనా?

కాదు. అమెరికా జైళ్ళలో గొడవ జరిగితే ఖైదీలందరినీ కొట్లలోకి పంపి తలుపులు వేయడాన్ని అలా అనేవారు. మన దేశంలో 2020 మార్చి 25న 21 రోజుల లాక్‌డౌన్ మొదలవడంతో ఇంటింటి మాట అయింది. ఆ ఏడాది కాలిన్స్ నిఘంటువు వాళ్ళు ఏటి మాటగా దీన్నే ఎంచుకున్నారు. తెలుగులో దిగ్బంధం, కట్టడి అని పత్రికలు ప్రయత్నించాయి. మా వీధిలో అందరూ లాక్‌డౌనే అన్నారు.

లాకౌట్, సమ్మె ఒకటే కదా? రెండింటిలోనూ పని ఆగుతుంది.

పని ఆగడం ఒకటే, ఆపిన చెయ్యి వేరు. కార్మికులు ఆపితే సమ్మె. యజమాని గేటు వేసి కార్మికులను రానివ్వకపోతే లాకౌట్. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రెంటినీ విడివిడిగానే నిర్వచించింది. సరుకు అమ్ముడుపోక మూసేయడం ఈ రెండూ కాదు, అది మూసివేత.

లాకప్పు, జైలు ఒకటేనా?

లాకప్పు పోలీసు స్టేషనులోని గది. అరెస్టు చేసినవారిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. జైలుకు పంపేది ఆ తర్వాతే. బ్రిటన్‌లో ఇదే మాటకు అద్దెకిచ్చే గ్యారేజీ అనే అర్థం కూడా ఉంది. అక్కడివాళ్ళు తమకో లాకప్పు ఉందంటే కంగారు పడకండి.

లాక్, స్టాక్ అండ్ బ్యారెల్ అంటే ఏమిటి?

పాతకాలపు తుపాకీలో మూడు ముఖ్య భాగాలు: మందు అంటించే యంత్రం లాక్, చెక్క పిడి స్టాక్, గొట్టం బ్యారెల్. మూడూ కలిస్తే తుపాకీ మొత్తం. కాబట్టి ఏదీ మిగల్చకుండా అంతా అని భావం. తెలుగులో తట్టాబుట్టాతో సహా, మూటాముల్లెతో సహా అంటాం కదా, అదే. తాళం, సరుకు, పీపా అని అనువదించిన విద్యార్థి ఒకడున్నాడు. మార్కులు వేయలేదు గాని ఆ కాగితం దాచుకున్నాను.

వెడ్‌లాక్ అంటే పెళ్ళి. పెళ్ళి తాళమనే కదా అర్థం?

తాళి, తాళం అని జోకులు వేయడానికి బాగుంటుంది గాని, కాదు. అందులోని వెడ్ అంటే మాట ఇవ్వడం, ప్రమాణం. చివరి ముక్క పాత ఇంగ్లీషులో చేత, చర్య అని చెప్పే ప్రత్యయం. వాడుకలో అరిగి తాళంలా తయారైంది. మంత్రగాణ్ణి చెప్పే వార్‌లాక్‌లోనూ తాళం లేదు, అది ఆడిన మాట తప్పినవాడు అనే పాత మాట. చూపుకు ఒకటిగా ఉన్నవన్నీ చుట్టాలు కావు.

## ఫోను, బ్యాంకు, బండి

బ్యాంకు యాప్‌లో లాగిన్, ఫండ్‌లో లాకిన్. ఒకటేనా?

చెవికి ఒకటే, చేతికి పూర్తిగా వేరు. లాగిన్ అంటే వివరాలు ఇచ్చి లోపలికి ప్రవేశించడం, దాని మూలం ఓడల్లో రాసే దినచర్య పుస్తకం. లాకిన్ అంటే గడువు తీరేదాకా డబ్బు బయటికి తీయలేకపోవడం. పన్ను మినహాయింపు ఉండే ఈఎల్‌ఎస్‌ఎస్ ఫండ్లకు 3 ఏళ్ళు, పన్ను ఆదా చేసే బ్యాంకు డిపాజిట్లకు 5 ఏళ్ళు. పిల్ల పెళ్ళి వచ్చే ఏడాది ఉందనుకునేవాళ్ళు సంతకం పెట్టేముందు ఈ ఒక్క మాట వెతుక్కోవాలి.

ఆధార్ లాక్ చేయమంటున్నారు. చేస్తే కార్డు పనిచేయదా?

బయోమెట్రిక్ లాక్ చేస్తే వేలిముద్ర, కనుపాపలతో చేసే ధ్రువీకరణ ఆగుతుంది. కార్డు రద్దు కాదు. వేలిముద్ర వేయాల్సిన రోజు మీరే తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

కంప్యూటర్‌లో తల అని కొడితే టాళా అని వస్తోంది. పాడైందా?

క్యాప్స్ లాక్ వెలుగుతోంది, చూడండి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతుల్లో చిన్న అక్షరానికి త, పెద్ద అక్షరానికి ట. ల, ళ కూడా అంతే. పెద్ద అక్షరాలు బిగుసుకుపోయి ఉంటే త కాస్తా ట అవుతుంది, అచ్చుకు దీర్ఘం వస్తుంది. ఆ మీట టైపు మిషను కాలం నుంచి వస్తున్నదే. అప్పట్లో అది షిఫ్టు మీటను నిజంగానే కిందికి నొక్కి పట్టి ఉంచేది.

చక్రం లాక్ అయింది, ఇంజను ఎయిర్ లాక్ అయింది అంటారు. ఎవరు వేశారు తాళం?

ఎవరూ వేయలేదు, ఇక్కడ అర్థం బిగుసుకుపోవడం. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం మాని జారుతుంది, దాన్ని ఆపడానికే ఏబీఎస్. కాలువ గట్టున డీజిల్ ఇంజను మొరాయిస్తే గొట్టంలో గాలి చేరి డీజిల్‌కు దారి ఇవ్వడం లేదన్నమాట. మెకానిక్ నట్టు వదులు చేసి, బుడగలు పోయి చిక్కటి ధార వచ్చేదాకా పంపు నొక్కి మళ్ళీ బిగిస్తాడు. ధనుర్వాతాన్ని లాక్‌జా అనడంలోనూ ఇదే బిగింపు, దవడ తెరుచుకోదు.

నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల వల్ల రైళ్ళు రద్దు అని పేపర్లో వేస్తారు. ఏమిటది?

పట్టాల మళ్ళింపునూ సిగ్నలునూ ఒకదానికొకటి ముడివేయడం ఇంటర్‌లాకింగ్. పట్టాలు సరిగ్గా కుదిరితేనే పచ్చదీపం వెలుగుతుంది, వెలిగాక పట్టాలు కదలవు. కొత్త లైను కలిపేటప్పుడు ఆ ముడి విప్పి, పని పూర్తయ్యేదాకా మనుషులే చూసుకుంటారు. అందుకే రైళ్ళు తగ్గిస్తారు.

## అనువదించేటప్పుడు, రాసేటప్పుడు

తాళం అని ఎక్కడ రాయకూడదు?

తీయడానికి చెవి లేని చోట. చర్చల్లో డెడ్‌లాక్ అంటే ప్రతిష్టంభన. ఇద్దరు నాయకులు కొమ్ములు లాక్ చేశారంటే ఢీకొన్నారని. చూపులు లాక్ అయ్యాయంటే కలిశాయి, చిక్కుకున్నాయి. పాత దస్తావేజుల్లో లాక్ హాస్పిటల్ అని కనబడితే కాలువ లాకుల దగ్గరి ఆసుపత్రి అనుకునేరు, కానే కాదు. 1747లో లండన్‌లో తెరిచిన ఒక ఆసుపత్రి పేరు మీదుగా సుఖవ్యాధుల ఆసుపత్రులన్నిటికీ ఆ పేరు పడింది, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అవి ఉండేవి.

చిరునామాలో లాకుల దగ్గర అని ఇంగ్లీషులో ఎలా రాయాలి?

పోస్ట్‌మ్యాన్ కోసమైతే లాకులు అని ఉన్నదున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, అది స్థలం పేరు. బయటివారికి వివరించాలంటే ముందు కాలువ అనే మాట చేర్చండి, కెనాల్ లాక్ అని. నా దగ్గర చదివిన కుర్రవాడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్ళి, తాను లాకుల పక్కనే పుట్టి పెరిగానని ఇంగ్లీషులో చెప్పాడట. "మీ నాన్నగారిది తాళాల దుకాణమా?" అని అడిగారు. వాడు కాగితం తీసుకుని గది, తలుపులు, పడవ గీసి చూపించాడు. పావుగంట దాని గురించే మాట్లాడారట. ఎదుటాయన అడిగిన చివరి ప్రశ్న, "మరి తాళం ఎక్కడుంది?"